బూజులో పుట్టిన మందులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శిలీంధ్రాల నుంచి తయారయ్యే మందుల గురించి గత సంచికలో రాశాక కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో నలుగురికీ పనికొచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. ఏ జవాబు చదివినా, మీ డాక్టరు రాసిన మోతాదును ఆయన్ని అడక్కుండా మార్చవద్దు.

మా నాయనకి కిడ్నీ మార్పిడి జరిగి ఎనిమిది నెలలైంది. సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్ వాడుతున్నాడు. పుల్లటి పండ్లు ముట్టొద్దని ఎవరో చెప్పారు. మాదే చీనీ తోట. సొంత తోటలో కాయ తినకుండా ఉండలేకపోతున్నాడు. తినొచ్చా?
— గార్లదిన్నె, అనంతపురం జిల్లా

తినొచ్చు, రెండు షరతుల మీద.

ముందు ఆ హెచ్చరిక ఎక్కడ పుట్టిందో చూద్దాం. అది గ్రేప్‌ఫ్రూట్ అనే పండుకి సంబంధించింది, మన పంపర పనసకు దగ్గరి చుట్టం. మన పేగు గోడలో సైక్లోస్పోరిన్‌ను కొంత విరిచేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. మోతాదు కట్టేటప్పుడే ఈ తరుగును కలుపుకొని కడతారు. గ్రేప్‌ఫ్రూట్‌లో ఉండే ఫ్యూరనోకౌమరిన్లు ఆ ఎంజైమ్‌ను పనికిరాకుండా చేస్తాయి. అప్పుడు తరగాల్సిన మందు తరక్కుండా రక్తంలోకి వెళ్తుంది. సైక్లోస్పోరిన్ ఎక్కువైతే మొదట దెబ్బ తినేది ఏ కిడ్నీని కాపాడటానికి వేసుకుంటున్నామో ఆ కిడ్నీయే. పేగు కొత్త ఎంజైమ్‌ను తయారు చేసుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే పొద్దున మాత్ర, సాయంత్రం పండు అని సర్దుకుంటే కుదరదు. పంపర పనస, పుల్ల నారింజ కూడా ఇదే కోవలోవి. వీటిని పూర్తిగా మానాలి.

చీనీ అలా కాదు. మన సాత్‌గుడి తీపి నారింజ జాతి, అందులో ఈ పదార్థాలు దాదాపు ఉండవు. ద్రవరూపంలో వచ్చే సైక్లోస్పోరిన్‌ను నారింజ రసంలో కలిపి తాగమని తయారీదారులే చెప్తారు.

ఇక షరతులు. మొదటిది పొటాషియం. సైక్లోస్పోరిన్ వాడేవాళ్ల రక్తంలో పొటాషియం పెరుగుతుంటుంది. ఒక గ్లాసు నారింజ రసంలో సుమారు 350 నుంచి 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఈసారి పరీక్షలో పొటాషియం మామూలుగా ఉంటే రోజుకొక కాయ ఒలుచుకొని తినమనండి. హద్దు దాటి ఉంటే చీనీ అయినా, టెంకాయ నీళ్లైనా ఆపాలి. రెండోది శుభ్రత. ఈ మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి కాబట్టి బండి మీది రసం, బండి మీది ఐసు వద్దే వద్దు. కాయ కడిగి, ఇంట్లోనే కోసుకోవాలి. తోటలో ఎరువు కుప్పలు కదిలించే పని, కుళ్లిన ఆకులు ఊడ్చే పని వేరేవాళ్లకు అప్పజెప్పండి. ఆ దుమ్ములో ఉండే బూజు విత్తులు మామూలు మనిషిని ఏమీ చేయవు గానీ ఈ మందులు వాడేవాళ్ల ఊపిరితిత్తుల్లో నాటుకుంటాయి.

మందు వాడకంలో ఎక్కువమంది చేసే పొరపాట్లు కూడా చెప్తాం. సైక్లోస్పోరిన్ గుళికను నోట్లో వేసుకునే నిమిషం వరకూ రేకులోంచి తీయకూడదు. వారానికి సరిపడా గుళికలు డబ్బాలో పోసి పెట్టుకునే అలవాటు దీనికి పనికిరాదు. రేకు చించగానే ఒక వాసన వస్తుంది, మందు చెడిందని పారేయకండి, అది దాని సహజ వాసనే. ద్రవమైతే గాజు గ్లాసులోనే కలపాలి, ప్లాస్టిక్ వద్దు. తాగాక గ్లాసులో ఇంకొంచెం రసం పోసి తొలిచి అదీ తాగాలి. ఈ సీసాను ఫ్రిజ్‌లో పెట్టకండి, గడ్డకడుతుంది. మన ఎండలకు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది చూసుకోండి. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు వెళ్లే పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. వేసుకొని వెళ్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించడం మొదలవుతుంది. మందు తీసుకున్న రెండు గంటలకు చేసే పరీక్ష వేరే, ఏది రాశారో కనుక్కోండి.

మైకోఫెనోలేట్‌కి శత్రువు గ్యాస్ మందు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న తెల్లటి సిరప్‌లు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగాలి. గుళికను విప్పి పొడి చేయకూడదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పొడిని అస్సలు తాకకూడదు, గర్భంలోని బిడ్డకు అవకరాలు తెస్తుంది. మోకాళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కోవడం ఇంకో ప్రమాదం.

ఈ రెండు మందులూ బూజుల నుంచి వచ్చినవే. సైక్లోస్పోరిన్‌ను ఇచ్చిన శిలీంధ్రం 1969లో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో దొరికింది. మైకోఫెనోలిక్ ఆమ్లం ఇంకా పాతది. ఇటలీలో బార్టొలోమియో గోసియో 1893లో బూజు పట్టిన మొక్కజొన్నను పరిశీలిస్తూ దాన్ని వేరు చేశాడు. అది కిడ్నీ మార్పిడిలో మందుగా అనుమతి పొందడానికి మరో వందేళ్లు పట్టింది.

మా అవ్వ, పుండు పడితే బూజు పట్టిన రొట్టె కట్టేవాళ్లమని చెప్తుంది. పెన్సిలిన్ కూడా బూజే కదా. మరి బూజు పట్టిన శెనక్కాయలు తింటే ఎందుకు చెడ్డదంటారు?
— కల్యాణదుర్గం

బూజు అన్నది ఒక్క జీవి పేరు కాదు. అందులో వేల జాతులున్నాయి, ఒక్కోదాని గుణం ఒక్కోరకం.

రొట్టె మీది పచ్చ బూజు పెనిసిలియం కుటుంబానిదే అయినా పెన్సిలిన్ తయారు చేసే జాతే అయ్యుండాలని లేదు. అయినా దాంట్లో ఉండే మందెంత? 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూసిన అసలు బూజే పెరిగిన నీటిలో మిల్లీలీటరుకు ఒకటి రెండు యూనిట్లు మాత్రమే ఇచ్చేది. ఇవాళ రుమాటిక్ జ్వరానికి (గొంతునొప్పి తర్వాత కీళ్లు వాచి, గుండె కవాటం దెబ్బతినే జబ్బు) వేసే ఒక సూదిలో 12 లక్షల యూనిట్లుంటాయి. ఫ్లెమింగ్ బూజు నుంచి ఆ ఒక్క సూదికి సరిపడా తీయాలంటే తక్కువలో తక్కువ 600 లీటర్ల బూజు నీరు కావాలి. 1943లో అమెరికాలోని పియోరియాలో ఒక కుళ్లిన కర్బూజా పండు మీద దొరికిన జాతిని పదేపదే మెరుగుపరిచి, పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచబట్టే ఇప్పుడీ మందు అందరికీ అందుతోంది. రొట్టె కడితే పుండుకి చేరేది లెక్కలేనంత తక్కువ మందు, లెక్కలేనన్ని వేరే సూక్ష్మజీవులు.

శెనక్కాయల మీద వచ్చేది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. అది తయారు చేసే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. వేయించినా, ఉడికించినా చాలావరకు అలాగే ఉంటుంది. రిఫైన్డ్ నూనెలో శుద్ధి చేసేటప్పుడు పోతుంది గానీ గానుగ నూనెలో కొంత మిగులుతుంది. నూనె తీశాక మిగిలే చెక్కలోనైతే మరీ ఎక్కువ, అది గేదె తింటే పాలలోకీ వస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు.

అనంతపురం పంటకు ఈ బెడద ఎక్కువ. కాయ ఊరే దశలో వాన మొహం చాటేసి భూమి వేడెక్కితే బూజు భూమిలోనే కాయలోకి దూరుతుంది. మీ చేతిలో ఉన్నది కోత తర్వాతి జాగ్రత్త. కాయలో తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టండి. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. పురుగు తొలిచినవి, పగిలినవి, ముడుచుకుపోయిన గింజలు వేరు చేయండి, విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే. వాటిని గానుగకూ పంపవద్దు, గొడ్లకూ వేయవద్దు.

మా పాపకు పదకొండేళ్లు, 29 కిలోలు. గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపు వచ్చి గుండె కవాటం కొంచెం దెబ్బతిందన్నారు. 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది రాశారు. రెండుసార్లు సూది మధ్యలో మూసుకుపోయి మందు సగమే లోపలికి పోయింది. నొప్పికి ఏడుస్తోంది. మాత్రలకు మారొచ్చా? ఎన్నేళ్లు వేయించాలి?
— ప్రొద్దుటూరు

ఈ సూది ఆపకండమ్మా. మీ పాప కవాటం ఇంకా పాడవకుండా చూసేది ఇదే.

మామూలు పెన్సిలిన్‌ను కిడ్నీలు గంటల్లోనే బయటికి పంపేస్తాయి. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదటిసారి ఈ మందు ఎక్కించిన రోగికి, నిల్వ చాలక, ఆయన మూత్రంలోంచే మందును తిరిగి తీసి ఎక్కించాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది దాటడానికి తయారైనదే బెంజాథిన్ పెన్సిలిన్. ఇది నీటిలో సరిగా కరగదు. కండలో ముద్దలా నిలిచి, రోజూ కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. మూడు వారాలు దాటేసరికి ఆ కొంచెం కూడా పలచబడుతుంది. 21 రోజుల లెక్క అందుకే. పండగ వచ్చిందనో పరీక్షలున్నాయనో పది రోజులు జరిపితే, ఆ పది రోజులూ గొంతుకి కాపలా లేనట్టే.

కరగని గుణమే సూదిని కూడా మూసేస్తుంది. పొడిలో నీళ్లు కలిపాక అది తేటగా కాదు, పాల మాదిరి తెల్లగా ఉంటుంది. కాసేపు వదిలేస్తే అడుగున పేరుకుంటుంది. సీసా మీద రాసినంత నీరు పోసి, పొడి ముద్ద విడిపోయేదాకా బాగా కలిపి, సిరంజిలోకి తీసిన వెంటనే వేసేయాలి. సూది సన్నగా ఉండకూడదు, 21 గేజ్ సరిపోతుంది. నర్సమ్మను మర్యాదగా అడగండి, తప్పేం లేదు. మందు పిరుదు కండలో లోతుగా, నెమ్మదిగా రెండు మూడు నిమిషాలు తీసుకొని వేస్తే నొప్పి తక్కువ. రక్తనాళంలోకి మాత్రం ఎప్పుడూ వెళ్లకూడదు, ప్రాణం తీస్తుంది. సగం మందే పోయిన రోజును వేసిన సూదిగా లెక్కపెట్టకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

పాపను ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు. ఏదైనా తిని, నీళ్లు తాగి, పడుకొని వేయించుకోవాలి. గుండెజబ్బు ఉన్న పిల్లలు నొప్పికి, భయానికి కళ్లు తిరిగి పడిపోవడం జరుగుతుంటుంది. వేశాక అరగంట అక్కడే ఉండండి. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, పెదవుల వాపు కనిపిస్తే అది అలెర్జీ. తొడ కండలో వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. అడ్రినలిన్ సిద్ధంగా లేని చోట ఈ సూది వేయించకండి.

27 కిలోలు దాటినవాళ్లకు 12 లక్షల యూనిట్లు. అంతకన్నా తక్కువ బరువుంటే 6 లక్షలు, 15 రోజులకోసారి. పెన్సిలిన్ వి మాత్రలు 250 మిల్లీగ్రాములవి రోజుకు రెండుసార్లు వేయొచ్చు. కానీ పదేళ్ల పాటు ఒక్క పూట కూడా తప్పకుండా మాత్ర వేసే ఇళ్లు తక్కువ. మా ఓటు సూదికే. కవాటం దెబ్బతిన్నది కాబట్టి పదేళ్లు లేదా నలభయ్యో ఏడు వచ్చేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతకాలం వేయించాలి. ఒక ఊరట ఉంది. ఈ జబ్బుకు కారణమైన గొంతు బ్యాక్టీరియా, పెన్సిలిన్ వచ్చి ఎనభై ఏళ్లు దాటినా దానికి లొంగుతూనే ఉంది.

సద్ద కంకుల్లో తేనెబంక కారి, గింజల బదులు నల్లటి ముక్కలు వచ్చాయి. ఎర్గాట్ అన్నారు. కాన్పు తర్వాత రక్తం ఆపే ఇంజెక్షన్ దీన్నుంచే వస్తుందట. నిజమా? ఆ సద్దలు తినొచ్చా?
— ఆలూరు, కర్నూలు జిల్లా

సగం నిజం. ఆ ఇంజెక్షన్ పేరు మెథైల్ ఎర్గోమెట్రిన్. దానికి మూలమైన ఎర్గోమెట్రిన్‌ను 1935లో రై అనే చలిదేశపు ధాన్యం మీద పెరిగే క్లావిసెప్స్ పర్‌ప్యూరియా నుంచి వేరు చేశారు. మీ సద్ద మీద వచ్చేది దాని దాయాది, క్లావిసెప్స్ ఫ్యూసిఫార్మిస్. దాంట్లో ఉండే ఆల్కలాయిడ్లు వేరు. ఆ నల్ల ముక్కలు తింటే వాంతులు, తల తిరగడం, మత్తు వస్తాయి. దాన్ని కాన్పు మందనుకొని ఎవరికీ కషాయం కాచి ఇవ్వొద్దు.

అసలు మందు విషయంలోనూ కొలత చాలా ముఖ్యం. కండలోకి ఇచ్చేది 0.2 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో ఐదు వేలవ వంతు. అంత చిన్న మోతాదే గర్భసంచిని గట్టిగా బిగిస్తుంది. బిడ్డ బయటికి రాకముందు ఇస్తే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. బీపీ ఉన్న తల్లికి ఇవ్వకూడదు. ఆంపూల్‌ను వెలుతురు తగలకుండా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మన వేసవిలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉంటే బలం పోతుంది, వేసినా రక్తం ఆగదు. కాన్పు తర్వాత రక్తం ఆపడానికి మొదటి మందుగా దీన్ని కాక ఆక్సిటోసిన్ అనే మందును వాడటానికి బీపీ భయం ఒక ముఖ్య కారణం.

విత్తనం సద్దలకైతే 10 లీటర్ల నీటిలో ఒక కిలో ఉప్పు కరిగించి గింజలు పోసి కలపండి. ఎర్గాట్ ముక్కలు, తాలు పైకి తేలతాయి. తీసి కాల్చేయండి. అడుగున మిగిలిన గింజలను మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. తినే సద్దలకూ ఇదే పద్ధతి, ఆపైన చేటలో పోసుకొని చేత్తో ఏరాలి. ముక్కలు విరిగి పొడైపోయి ఉంటే ఉప్పునీళ్లతో లాభం లేదు, ఆ బస్తా వదులుకోవాల్సిందే.

కోళ్లకు సీఆర్‌డీ (శ్వాస జబ్బు) అని నీళ్లలో టియాములిన్ ఇచ్చాం. రెండో రోజుకే కాళ్లు చాపేసి చచ్చిపోతున్నాయి. మందు నకిలీదా?
— మైదుకూరు

ముందు దాణా బస్తా మీది చీటీ చదవండి. అందులో మోనెన్సిన్, సాలినోమైసిన్, నరాసిన్ అనే పేర్లలో ఏదైనా ఉందా? ఇవి కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా దాణాలో కలిపేవి. టియాములిన్ కోడి కాలేయంలో వీటిని విరగనివ్వదు. అవి ఒంట్లో పేరుకొని కండరాలు చచ్చుబడతాయి. మేత మానడం, తూలడం, కాళ్లు చాపడం, చావు వరసగా వస్తాయి. నీళ్లలో మందు వెంటనే ఆపండి, ఆ దాణా తీసేసి ఈ మందులు లేనిది పెట్టండి, పశువైద్యుణ్ణి పిలవండి. ఇకముందు ఈ రెంటి మధ్యా, ఏది ముందైనా, ఏడు రోజుల ఎడం ఉండాలి. టియాములిన్ కూడా ఒక పుట్టగొడుగు నుంచి వచ్చిందే, క్లిటోపైలస్ జాతిది.

కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర బదులు 'ఎర్ర ఈస్ట్ బియ్యం' గుళికలు మంచివట, సహజమట. మారొచ్చా?
— కర్నూలు

వద్దు. ఆ బియ్యం మీద పెంచే మొనాస్కస్ బూజులో ఉండే మొనాకోలిన్ కె, మాత్రగా అమ్మే లోవాస్టాటిన్ ఒకే పదార్థం. అంటే మీరు స్టాటిన్‌నే వాడతారు, ఎంత వాడుతున్నారో తెలియకుండా. ఒక డబ్బాలో ఎక్కువ, ఇంకో డబ్బాలో తక్కువ ఉంటుంది. పైగా అదే బూజు సిట్రినిన్ అనే కిడ్నీ విషాన్నీ తయారు చేయగలదు. స్టాటిన్ల కథ జపాన్‌లో అకిరా ఎండో వేలాది శిలీంధ్రాలను జల్లెడ పట్టి 1973లో మొదటి స్టాటిన్ అయిన కాంపాక్టిన్‌ను పట్టుకోవడంతో మొదలైంది. లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా రాసే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ పూర్తిగా ల్యాబ్‌లో తయారైనవి. లోవాస్టాటిన్ రాత్రి భోజనంతో వేసుకోవాలి. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వాడేవాళ్లకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గానీ, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు గానీ కలిస్తే కండరాలు కరిగిపోతాయి. ఒళ్లునొప్పులతో పాటు మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పిల్లాడికి తలలో తామర, గుండ్రంగా జుట్టు ఊడుతోంది. గ్రిసియోఫుల్విన్ రాశారు. మూడు వారాలైనా తగ్గలేదు.
— ఆదోని

ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ మందు బూజును నేరుగా చంపదు. కొత్తగా మొలిచే వెంట్రుకలోకి చేరి అక్కడ బూజు పెరక్కుండా ఆపుతుంది, కాబట్టి పాత వెంట్రుక పెరిగి పోయేదాకా ఆగాలి. ఖాళీ కడుపున వేస్తే సగం వృథా. కొవ్వుతోనే ఒంటికి పడుతుంది. నెయ్యి వేసిన ముద్ద తిన్నాకో, పాలతోనో ఇవ్వండి. దువ్వెన, తువ్వాలు వేరుగా ఉంచండి. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన తామర క్రీములు రాయొద్దు. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, కింద బూజు పాకుతూనే ఉంటుంది.

2021లో బ్లాక్ ఫంగస్‌కి ఇచ్చిన ఆంఫోటెరిసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆరియోమైసిన్ కూడా ఫంగస్ మందులేనా?
— అనంతపురం

రెండూ కావు. రెండూ స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా ఇచ్చినవి. ఇవి దారాల్లా పెరగడం వల్ల ఒకప్పుడు ఫంగస్ అనుకున్నారు, ఆ పొరపాటే పుస్తకాల్లో మిగిలింది. సుబ్బారావు గారు పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్న లెడర్లీలో బయటికి వచ్చిన ఆరియోమైసిన్ మొదటి టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ కూడా ఇదే జాతిది.

ఫంగస్ నుంచి వచ్చి ఫంగస్‌నే చంపే మందు కాస్పోఫంజిన్. గ్లేరియా అనే శిలీంధ్రం ఇచ్చిన పదార్థంతో తయారవుతుంది. క్యాండిడా అనే ఫంగస్ తన కణం గోడను కట్టుకోనివ్వదు, రక్తంలో క్యాండిడా చేరిన రోగులకు ఐసీయూల్లో వాడతారు. బ్లాక్ ఫంగస్ మీద మాత్రం అది పనిచేయదు. అందుకే ఆ రోజుల్లో అందరూ ఆంఫోటెరిసిన్ కోసమే వెతికారు.